ఆర్‌లో కొత్త లైను ఎక్కడ పడుతుంది?

(స్టాటిస్టిక్స్ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు హాజరైన ఒక హైదరాబాద్ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం. తెర మీద చూపిన కోడ్‌ను మాటల్లోనే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లు కాస్త ముందుకు రండి, తెర మీద అక్షరాలు చిన్నవి. ఏసీ కిందే కూర్చుంటామంటే నేనేమీ అనను, కానీ తర్వాత కనిపించలేదని అడగకూడదు.

ఇవాళ్టి విషయం చూసి కొందరికి నవ్వొచ్చి ఉంటుంది. రిగ్రెషన్ కాదు, బేసియన్ కాదు, మెషీన్ లెర్నింగ్ అసలే కాదు. ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలో, రెండు లైన్లలో ఉండాల్సిన మాటని రెండు లైన్లలో ప్రింట్ చేయడం. దానికో ప్రసంగమా అని. సరే, లాప్‌టాప్ ఉన్నవాళ్లు ఆర్ తెరవండి. ప్రింట్ అని రాసి, బ్రాకెట్ తెరిచి, కోట్స్ మధ్యలో నమస్తే, ఆ వెంటనే బ్యాక్‌స్లాష్, చిన్న ఎన్, ఆ వెంటనే హైదరాబాద్ అని కొట్టి, కోట్స్, బ్రాకెట్ మూసి ఎంటర్ నొక్కండి.

ఏమొచ్చింది? చదరపు బ్రాకెట్లలో ఒకటి అంకె. తర్వాత కోట్స్. కోట్స్ లోపల మీరు కొట్టిన బ్యాక్‌స్లాష్ ఎన్ కొట్టినట్టే ఉంది. లైను విరగలేదు. ఇప్పుడు పై బాణం నొక్కి, ప్రింట్ తీసేసి క్యాట్ అని పెట్టండి. సీ, ఏ, టీ. మళ్లీ ఎంటర్.

నమస్తే
హైదరాబాద్

విరిగింది. కోట్స్ పోయాయి, ఆ ఒకటి అంకె కూడా పోయింది. కాకపోతే హైదరాబాద్ పక్కనే ప్రాంప్ట్, అంటే తర్వాతి ఆదేశం కోసం ఆర్ చూపే గుర్తు, వచ్చి అతుక్కుంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, ప్రింట్‌కి కొత్త లైను తెలియదా?" తెలుసండీ. తెలిసే అలా చూపిస్తోంది.

లోపల ఏముందో ముందు చూద్దాం. మీరు కొట్టినవి బ్యాక్‌స్లాష్, ఎన్ అనే రెండు అక్షరాలు. ఆర్ దాచుకున్నది మాత్రం ఒకే అక్షరం. అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 10వ నంబరు అక్షరం, కొత్త లైను. నమ్మకం లేకపోతే ఒక్క బ్యాక్‌స్లాష్ ఎన్‌నే, అక్షరాలు లెక్కపెట్టే ఎన్‌చార్ అనే ఫంక్షన్‌కి ఇవ్వండి, ఒకటి అనే చెబుతుంది. ప్రింట్‌తో చూసినా క్యాట్‌తో చూసినా లోపలున్న సరుకు ఒక్కటే. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు డిక్టేషన్ ఇస్తూ "కామా, కొత్త పేరా" అని పైకే అంటారు కదా. ప్రింట్ ఆ మాటల్ని కూడా అన్నది అన్నట్టు రాసి చూపిస్తుంది. క్యాట్ టైపిస్టులాగా వాటిని పాటించి కింది లైనుకి పోతుంది.

అసలు ప్రింట్ ఇలా ఎందుకు పనిచేస్తుంది? దాని పుట్టుక అలాంటిది. ఆర్‌కి తల్లి ఎస్ అనే భాష. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం దాన్ని మొదలుపెట్టింది. తర్వాత 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అదే పద్ధతిలో ఆర్ కట్టారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. లీపు రోజే చూసుకుని వదిలారేమో మరి. ఈ రెండు భాషలూ డేటా ముందు కూర్చుని ఒక్కో ముక్కా కొట్టి చూసుకునేవాళ్ల కోసం కట్టినవి. అలా చూసుకునేవాళ్లకి కావాల్సింది అందం కాదు, లోపల సరిగ్గా ఏముందో తెలియడం.

ఉదాహరణకి ఒక కాలమ్‌లో ఉప్పల్ అని ఉంది. ఇంకో వరసలో ఉప్పల్ తర్వాత ఒక ఖాళీ ఉంది, ఎవరో ఎక్సెల్‌లో స్పేస్ బార్ నొక్కేశారు. మీరు గ్రూపు చేస్తే ఉప్పల్ రెండు సార్లు వస్తుంది. క్యాట్‌తో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, జుట్టు పీక్కోవాల్సిందే. ప్రింట్‌తో చూస్తే కోట్స్ ఉంటాయి కాబట్టి ఖాళీ ఎక్కడుందో తెలిసిపోతుంది. అయిదు అనే సంఖ్యా, అయిదు అనే మాటా కూడా అలాగే విడివిడిగా కనిపిస్తాయి. అందుకే డీబగ్ చేసేటప్పుడు, అంటే తప్పులు వెతికేటప్పుడు, ప్రింట్‌ని వదలొద్దు. అది చూపించేది మీకు, అంటే కోడ్ రాసినవాళ్లకి. రిపోర్టు చదివే మనిషికి కాదు.

ఈ తేడా మన ఊళ్లో మరీ అవసరం. పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మందుల కంపెనీలకైతే లెక్కే లేదు. ఇలాంటి చోట్ల లెక్క కట్టేది మీరైనా చదివేది ఇంకెవరో. పంటల శాస్త్రవేత్తో, డాక్టరో, రెగ్యులేటరీ ఫైలు చూసే మనిషో. వాళ్ల ముందు చదరపు బ్రాకెట్లో ఒకటి, కోట్స్, మధ్యలో బ్యాక్‌స్లాష్ ఎన్ పడితే మీ పీ వాల్యూ ఎంత బాగున్నా మొదటి చూపు దాని మీదే పడుతుంది.

ఆ చదరపు బ్రాకెట్లో ఒకటి గురించి కూడా చెప్పుకుందాం, చాలామందికి అదో మిస్టరీ. లెటర్స్ అని కొట్టండి. ఇంగ్లిష్ చిన్నక్షరాలు 26 వస్తాయి. మొదటి లైను ముందు ఒకటి, రెండో లైను ముందు ఇరవై. అంటే రెండో లైను ఇరవయ్యో అక్షరం 'టీ'తో మొదలైందని అర్థం. లైను నంబరు కాదది, ఆ లైనులో మొదటి వస్తువు నంబరు. పందొమ్మిది అక్షరాలకే లైను ఎందుకు ఆగింది? మనం కోడ్ కొట్టే కిటికీ, అంటే కన్సోల్, వెడల్పు మామూలుగా 80 కాలమ్‌లు, అంటే 80 అక్షరాల చోటు, కాబట్టి. ఆర్ కోడ్ రాయడానికి వాడే ఆర్‌స్టూడియోలో కిటికీ పెద్దది చేస్తే ఇది మారిపోతుంది, అందుకని మీలో కొందరికి ఇరవై కనిపించి ఉండదు. ఈ 80 ఎక్కడిదంటే, 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు గడులు ఉండేవి. కార్డు పోయి టెర్మినల్ వచ్చింది, టెర్మినల్ పోయి మీ 27 అంగుళాల మానిటర్ వచ్చింది, 80 మాత్రం కూర్చునే ఉంది. ఆప్షన్స్‌లో విడ్త్ మార్చి 120 చేసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఇక్కడ విరిగింది తెర మీద మాత్రమే, డేటాలో ఏ కొత్త లైనూ చేరలేదు. ఇది తెలియక కన్సోల్ నుంచి కాపీ చేసి వర్డ్‌లో అతికించి, లైన్లు చిందరవందరయ్యాయని తిట్టుకునేవాళ్లు చాలామంది.

ఇప్పుడు క్యాట్ దగ్గరికి వద్దాం. మన మెట్రో లైన్లు మూడింటిని ఒక వెక్టర్‌లో, అంటే ఒకే వరస జాబితాలో, పెట్టాను. క్యాట్‌కి అలాగే ఇస్తే మూడూ ఒకే లైనులో, మధ్యలో ఒక్కో ఖాళీతో వస్తాయి. ఏది ఎక్కడ ఆగిందో తెలియదు. సెప్ అనే ఆర్గ్యుమెంట్‌కి, అంటే ఫంక్షన్‌కి ఇచ్చే సూచనకి, బ్యాక్‌స్లాష్ ఎన్ ఇవ్వండి.

మియాపూర్ – ఎల్బీనగర్
నాగోల్ – రాయదుర్గం
జేబీఎస్ – ఎంజీబీఎస్

మూడు లైన్లూ మూడు లైన్లలో. బాగానే ఉంది కానీ ఎంజీబీఎస్ పక్కన ప్రాంప్ట్ అతుక్కుంది చూడండి. సెప్ అనేది వస్తువుకీ వస్తువుకీ మధ్య పడుతుంది. మూడు వస్తువుల మధ్య చోట్లు రెండే. చివరి దాని తర్వాత ఏమీ పడదు. ఇందాకటి హైదరాబాద్ సంగతీ అంతే, క్యాట్ తనంతట తాను కొత్త లైను వేయదు. మీరు అడిగితేనే.

ఇంకో ఇబ్బంది దీనికంటే ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది క్యాట్‌లో ఇలా రాస్తారు: కోట్స్‌లో మియాపూర్, కామా, కోట్స్‌లో బ్యాక్‌స్లాష్ ఎన్, కామా, కోట్స్‌లో నాగోల్. నడపండి. నాగోల్ ఒక ఖాళీ లోపలికి జరిగి ఉంటుంది. కొత్త లైనుని కూడా క్యాట్ ఒక వస్తువుగానే లెక్క కట్టి, దాని ముందూ వెనకా అలవాటు ప్రకారం ఖాళీ పెట్టింది. ముందు పెట్టింది మొదటి లైను చివర పడి కనపడదు, వెనక పెట్టింది రెండో లైను మొదట్లో పడి కనపడుతుంది. సెప్‌కి ఖాళీ కోట్స్ ఇస్తే సరిపోతుంది. లేదా బ్యాక్‌స్లాష్ ఎన్‌ని పక్క మాటతోనే కలిపి ఒకే కోట్స్‌లో పెట్టండి.

ఈ తలనొప్పులేవీ వద్దనుకుంటే రైట్‌లైన్స్ ఉంది. రాసేటప్పుడు రైట్ అంతా చిన్నక్షరాలు, లైన్స్‌లో ఎల్ మాత్రం పెద్దది. వెక్టర్ ఇవ్వండి, ఒక్కో వస్తువు ఒక్కో లైనులో రాసి, చివరి దాని తర్వాత కూడా కొత్త లైను వేస్తుంది. ప్రాంప్ట్ ఎక్కడా అతుక్కోదు. వచనం వరకైతే నా ఓటు దీనికే. క్యాట్‌ని పూర్తిగా వదిలేయమనను గానీ, పది కోడ్‌లలో తొమ్మిదింట్లో క్యాట్ ఉన్నచోట రైట్‌లైన్స్ ఉంటే ఇంకా శుభ్రంగా ఉండేదనిపిస్తుంది. దానికున్న పట్టుదల ఒక్కటే: మాటలు తప్ప ఇంకేం ఇచ్చినా రాయనంటుంది. సంఖ్య ఇస్తే ఎర్రర్. ముందు పేస్ట్‌తోనో ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తోనో మాటగా మార్చి ఇవ్వాలి. నన్నడిగితే ఆ పట్టుదలే మంచిది.

ఎందుకంటే క్యాట్‌కి ఆ పట్టుదల లేకపోవడం వల్ల ఏమవుతుందో చూడండి. వరంగల్, నల్గొండ అని రెండు పేర్లతో ఫ్యాక్టర్, అంటే వర్గాల పేర్లు దాచే వెక్టర్, చేశాను. ప్రింట్ చేస్తే పేర్లు వస్తాయి, కింద లెవల్స్, అంటే ఆ వర్గాల జాబితా, వస్తాయి. క్యాట్ చేస్తే? రెండు, ఒకటి. అంతే. ఫ్యాక్టర్ లోపల దాగి ఉన్న కోడ్ నంబర్లు బయటికొచ్చాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రిపోర్టులో జిల్లా పేరు ఉండాల్సిన చోట రెండు అని ఉంటుంది, చదివేవాడు అది రెండో జోనేమో అనుకుంటాడు. ఫ్యాక్టర్‌ని యాజ్ డాట్ క్యారెక్టర్‌తో మాటగా మార్చి అప్పుడు క్యాట్‌కివ్వండి. డేటాఫ్రేమ్, అంటే వరసలూ కాలమ్‌లూ ఉన్న పట్టిక, ఇస్తే మాత్రం క్యాట్ కూడా నావల్ల కాదని చెప్పేస్తుంది.

(సభలో ఒక ప్రశ్న: సార్, క్యాట్‌తో వచ్చినదాన్ని ఎక్స్‌లో దాచుకుంటే తర్వాత ఎక్స్ ఖాళీగా ఉంటోంది, ఎందుకు?)

మంచిది అడిగావమ్మా. క్యాట్ రాసిపెట్టి వెళ్లిపోతుంది, చేతికి ఏమీ ఇవ్వదు. ఎక్స్‌లో నల్ ఉంటుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి కూడా ఇదే. వచనాన్ని తయారుచేయడం ఒక పని, దాన్ని బయటికి రాయడం ఇంకో పని. పేస్ట్, ఎస్‌ప్రింట్‌ఎఫ్ తయారుచేస్తాయి, కానీ రాయవు. క్యాట్, రైట్‌లైన్స్ రాస్తాయి, కానీ దాచుకోవడానికి ఏమీ ఇవ్వవు. రెండు లైన్ల మాటని దాచుకోవాలంటే పేస్ట్‌తో కలపండి, కొలాప్స్ అనే ఆర్గ్యుమెంట్‌కి బ్యాక్‌స్లాష్ ఎన్ ఇవ్వండి. వెక్టర్‌లో ఎన్ని ముక్కలున్నా ఒకే మాటగా వస్తాయి. సెప్ కాదు, కొలాప్స్. సెప్ పక్కపక్క ఆర్గ్యుమెంట్లని కలుపుతుంది, కొలాప్స్ ఒకే వెక్టర్‌లోని ముక్కల్ని కలుపుతుంది. ఇలా దాచుకున్నది గ్రాఫ్ టైటిల్‌కి ఇవ్వొచ్చు, ఫైలుకి రాయొచ్చు, తెర మీద చూపించొచ్చు. ఒకసారి రాసిన వచనం నాలుగు చోట్ల పనికొస్తుంది.

మెసేజ్ అనే ఇంకో ఫంక్షన్ ఉంది, త్వరగా చెప్పేస్తాను. అది కూడా లైను రాస్తుంది, చివర కొత్త లైను తనే వేస్తుంది. తేడా ఏంటంటే అది మామూలు అవుట్‌పుట్ దారిలో కాక ఎర్రర్ల దారిలో పోతుంది. కన్సోల్ తెరవకుండా కోడ్ ఫైలుని నడిపే ఆర్‌స్క్రిప్ట్‌తో నడిపి అవుట్‌పుట్‌ని ఫైలులోకి మళ్లిస్తే మెసేజ్ మాటలు ఆ ఫైలులోకి వెళ్లవు, తెర మీదే ఉంటాయి. "ఫైలు చదివాను, మోడల్ మొదలైంది" లాంటివి నడిపే మనిషికే కావాలి, రిపోర్టుకి అక్కర్లేదు. వాటికి మెసేజ్ సరైనది. ఆర్‌స్టూడియోలో ఎర్రగా వస్తుందని టెన్షన్ పడొద్దు.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. ఇప్పటిదాకా లైను ఎక్కడ విరగాలో మనకి తెలుసు. తెలియనప్పుడు? మందుల ట్రయల్స్‌లో పనిచేసేవాళ్లకి ఇది రోజూ ఉండే తిప్పలే. ఒక పేషంటుకి వచ్చిన ఇబ్బంది గురించి డాక్టరు రాసిన వాక్యం మూడు వందల అక్షరాలుంటుంది. లిస్టింగ్‌లో, అంటే పేషంట్ల వివరాల పట్టికలో, దానికి ఇచ్చిన కాలమ్ వెడల్పు ముప్ఫై. చేత్తో బ్యాక్‌స్లాష్ ఎన్‌లు పెట్టుకుంటూ కూర్చోలేం కదా.

దీనికి ఆర్‌లోనే ఒక ఫంక్షన్ ఉంది. ఎస్, టీ, ఆర్ తర్వాత మధ్యలో ఖాళీ లేకుండా ర్యాప్. మనం స్ట్రర్యాప్ అందాం. పెద్ద వాక్యం ఇచ్చి, విడ్త్ ముప్ఫై అంటే మాటల మధ్య ఖాళీలు చూసుకుని ముక్కలు చేసి, ఒక్కో లైను ఒక్కో వస్తువుగా వెక్టర్ ఇస్తుంది. గమనించండి, ఇది కూడా ప్రింట్ చేయదు, ముక్కలు చేసి చేతికిస్తుందంతే. దాన్ని రైట్‌లైన్స్‌కి ఇస్తే తెర మీద పేరాగ్రాఫ్. ఇండెంట్ ఇస్తే మొదటి లైను లోపలికి జరుగుతుంది, ఎక్స్‌డెంట్ ఇస్తే మిగతా లైన్లు జరుగుతాయి. ప్రిఫిక్స్ ఇస్తే ప్రతి లైను ముందూ మీరు చెప్పిన గుర్తు పడుతుంది.

పైకి సాదాసీదాగా కనిపిస్తుంది గానీ దీనికి కొన్ని అలవాట్లున్నాయి. ముప్ఫై అంటే ముప్ఫై కాదు, ముప్ఫైకి తక్కువ. ఒక్కో లైనులో 29 వరకే. ఖచ్చితంగా ముప్ఫై కాలమ్‌లు నింపాలంటే 31 ఇవ్వాలి. రెండోది, మీరు ముందే ముచ్చటపడి పెట్టుకున్న బ్యాక్‌స్లాష్ ఎన్‌లని అది మామూలు ఖాళీల కింద లెక్కేసి చెరిపేస్తుంది. రెండు కొత్త లైన్లు వరసగా ఉంటేనే పేరా మారిందని ఒప్పుకుంటుంది. అందుకని చేత్తో విరిచిన అడ్రస్ లాంటివి దీనికి ఇవ్వకండి. ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ అన్నీ కలిసి ఒకే పేరా అయిపోతాయి. మూడోది, ఒకే మాట ముప్ఫై కంటే పొడవుంటే దాన్ని విరగ్గొట్టదు, హద్దు దాటి అలాగే పోనిస్తుంది. వెబ్ లింకులకి ఇదే జరుగుతుంది. మన సమాసాలకీ ఇదే జరుగుతుంది.

నాలుగోది లిస్టింగ్ చేసేవాళ్లకి ముఖ్యం. పది వాక్యాల వెక్టర్ ఇచ్చారనుకోండి. వచ్చేది యాభయ్యో అరవయ్యో లైన్ల ఒకే పొడవాటి వెక్టర్. ఏ లైను ఏ పేషంటుదో తెలియదు. సింప్లిఫై అనే ఆర్గ్యుమెంట్‌ని ఫాల్స్ చేయండి. అప్పుడు లిస్టు వస్తుంది, ఒక్కో వాక్యానికి ఒక్కో గడి. ప్రతి గడినీ పేస్ట్, కొలాప్స్‌తో కలిపేస్తే పది వాక్యాలకి పది మాటలే మిగులుతాయి, లోపల లైన్లు విరిగి ఉంటాయి. గ్రాఫులు గీసే జీజీప్లాట్‌లో కింద పేర్లు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే కూడా ఇదే మందు. గ్రాఫులు కొత్త లైనుని చక్కగా పాటిస్తాయి. డేటాఫ్రేమ్‌ని కన్సోల్‌లో ప్రింట్ చేస్తే మాత్రం మళ్లీ బ్యాక్‌స్లాష్ ఎన్ కనిపిస్తుంది. అప్పుడు కంగారుపడొద్దు, అక్కడ చూపిస్తున్నది ప్రింట్ కాబట్టి.

మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు వచనంలోనే గుర్తులు పెట్టి రూపం చెప్పే పద్ధతిలో, రిపోర్టు చేసేవాళ్లకి ఒక్క మాట: అక్కడ ఒంటరి కొత్త లైను ఖాళీ కింద లెక్క. లైను నిజంగా విరగాలంటే దాని చివర రెండు ఖాళీలు పెట్టాలి, లేదా మధ్యలో ఒక లైను వదిలి పేరా మార్చాలి. ఆ తప్పు ఆర్‌ది కాదు, తర్వాత చదివే ప్రోగ్రాముది.

ఇక తెలుగు. ఇక్కడ కాసేపు ఆగుతాను. తెలుగులో సర్వే ప్రశ్నలు, తెలుగులో గ్రాఫులు చేసేవాళ్లు ఇప్పుడు పెరిగారు, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

విండోస్‌లో పాత ఆర్ వాడినవాళ్లకి గుర్తుంటుంది. తెలుగు మాట ప్రింట్ చేస్తే అక్షరాల బదులు కోణపు బ్రాకెట్లలో యూ ప్లస్ 0సీ39 లాంటి నంబర్లు వచ్చేవి. అది హ అనే అక్షరం యూనికోడ్ నంబరు, అంటే అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టికలోది. ఆర్ 4.2.0, అంటే 2022 నుంచి, కొత్త విండోస్ మీద ఆ నంబర్లని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిని నేరుగా వాడుతోంది కాబట్టి ఆ గోల చాలావరకు తగ్గింది. మీ ఆఫీసులో ఇంకా పాత వెర్షన్ ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి, తర్వాతే తెలుగు జోలికి వెళ్లండి.

అక్షరాలు కనిపించడం వరకు సరే. లెక్క? హైదరాబాద్ అనే మాటని ఎన్‌చార్‌కి ఇవ్వండి. మన లెక్కలో హై, ద, రా, బా, ద్. అయిదు. ఆర్ తొమ్మిది అంటుంది. హ ఒకటి, ఐత్వం ఒకటి, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. గుణింతపు గుర్తు ప్రతిదీ యూనికోడ్‌లో విడి అక్షరమే. టైప్‌ని బైట్స్ అని మారిస్తే 27, ఎందుకంటే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. ఇప్పుడు పక్క ఊరు సికింద్రాబాద్ చూడండి. సి, కిం, ద్రా, బా, ద్. మళ్లీ అయిదే. ఆర్ పదమూడు అంటుంది.

దీనివల్ల ఏమవుతుంది? ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో ఊరి పేరుకి పదిహేను గడులు కేటాయించి, పక్కన సంఖ్య పెట్టారు. హైదరాబాద్‌కి తొమ్మిది పోను ఆరు ఖాళీలు చేరతాయి. సికింద్రాబాద్‌కి పదమూడు పోను రెండే. రెండూ అయిదేసి అక్షరాల మాటలే, పక్కనున్న సంఖ్యలు మాత్రం ఒకదాని కింద ఒకటి నిలబడవు. స్ట్రర్యాప్ కొంచెం నయం. అది అక్షరాల లెక్క కాకుండా తెర మీద వెడల్పు అంచనా వేసుకుంటుంది. అయినా మన ఒత్తులు, గుణింతాలు ఫాంటుని బట్టి మారతాయి కాబట్టి ఆ అంచనా కంటికి కనిపించేదానితో సరిపోదు. ఇంగ్లిష్‌లో ముప్ఫైకి చక్కగా వచ్చిన పేరా, తెలుగులో ఒక లైను పొట్టిగా ఒక లైను పొడుగ్గా వస్తుంది.

స్ట్రింగై అనే ప్యాకేజీ ఉంది. యూనికోడ్ నియమాలు తెలిసిన ఐసీయూ లైబ్రరీ మీద కట్టింది. అందులో కూడా ర్యాప్ ఉంది. ఒక్కో లైనునీ అప్పటికప్పుడు నింపేయకుండా, పేరా మొత్తం చూసుకుని లైన్లు వీలైనంత సమంగా వచ్చేలా విరుస్తుంది. స్ట్రింగ్‌ఆర్ అనే ఇంకో ప్యాకేజీ వాడేవాళ్లు తెలియకుండానే దీన్నే వాడుతున్నారు. లైన్లు విరవడానికి బాగా పనికొస్తుంది. కానీ నిలువు వరసల కోసం తెలుగులో ఖాళీలు లెక్కపెట్టుకునే పని మాత్రం మానేయండి. ఎంత కష్టపడినా ఇంకో కంప్యూటర్లో ఇంకో ఫాంటుతో తెరిచేసరికి చెదిరిపోతుంది. పట్టిక కావాలంటే హెచ్‌టీఎంఎల్‌లోనో వర్డ్‌లోనో నిజమైన పట్టికే చేయండి. గడి వెడల్పు చూసుకోవడం ఆ ప్రోగ్రాం పని.

ఇంకేమైనా ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: ఫర్ లూప్‌లో క్యాట్ పెట్టాను సార్, అన్నీ చివర్లో ఒకేసారి వస్తున్నాయి.)

విండోస్‌లో ఆర్‌తో పాటు వచ్చే మామూలు కిటికీలో నడుపుతున్నావా బాబూ? అదే అనుకున్నా. అది అవుట్‌పుట్‌ని కాసేపు దాచిపెట్టి ఒక్కసారిగా చూపిస్తుంది. క్యాట్ తర్వాత ఫ్లష్ డాట్ కన్సోల్ పెట్టు. ఎప్పటిదప్పుడు వస్తుంది. లూప్‌లో ఇంకోటి కూడా: ఊరికే వేరియబుల్ పేరు రాసి వదిలేస్తే అక్కడ ఏమీ కనిపించదు. బయట కన్సోల్‌లో పేరు కొడితే ఆర్ తనే ప్రింట్ పిలుస్తుంది, లూప్‌లో పిలవదు.

(ప్రశ్న: శాతం ఒకే లైనులో మారుతూ కనిపించాలంటే?)

బ్యాక్‌స్లాష్ ఆర్. ఆస్కీలో 13. కింది లైనుకి దిగకుండా అదే లైను మొదటికి తీసుకెళ్తుంది. పాత టెలిటైప్ మెషీన్లలో బండిని మొదటికి తేవడం వేరే పని, కాగితం ఒక లైను పైకి జరపడం వేరే పని. అందుకే 13, 10 అని రెండు అక్షరాలు. విండోస్ ఇప్పటికీ ఫైళ్లలో రెండూ రాస్తుంది, లినక్స్ 10తోనే సరిపెట్టుకుంటుంది. లినక్స్ ఫైలుని పాత నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా ఒకే లైనులో కనిపించేది గుర్తుందా? 2018లో గానీ దాన్ని సరిచేయలేదు. నీ శాతం దగ్గరికొస్తే, కొత్త మాట పాతదానికంటే పొట్టిగా ఉంటే పాతదాని తోక అలాగే మిగిలిపోతుంది. వెడల్పు ఒకేలా ఉండేట్టు ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో చేసుకో. ఇది కూడా ఎందుకనుకుంటే టీఎక్స్‌టీ ప్రోగ్రెస్ బార్ ఆర్‌లోనే ఉంది.

(ప్రశ్న: క్యాట్‌తో ఫైలు రాశాను. మళ్లీ రీడ్‌లైన్స్‌తో చదివితే చివరి లైను అసంపూర్తిగా ఉందని వార్నింగ్ వస్తోంది. డేటా పోయిందా అండీ?)

పోలేదండీ. అన్ని లైన్లూ వచ్చే ఉంటాయి, లెంగ్త్ చూసుకోండి. మీరు సెప్‌లో బ్యాక్‌స్లాష్ ఎన్ ఇచ్చి ఉంటారు. ఇందాక ఎంజీబీఎస్ పక్కన ప్రాంప్ట్ అతుక్కున్నది కూడా ఈ కారణానికే. చివరి లైను తర్వాత కొత్త లైను పడలేదు, కన్సోల్‌లో అది ప్రాంప్ట్‌గా కనిపించింది, ఫైలులో వార్నింగ్‌గా కనిపిస్తోంది. అదే ఫైలుకి తర్వాత అపెండ్ చేస్తే, అంటే చివర ఇంకొంత చేరిస్తే, మాత్రం నిజంగానే ఇబ్బంది. మీ కొత్త మొదటి లైను పాత చివరి లైనుకి అతుక్కుపోయి రెండు రికార్డులు ఒకటవుతాయి, అప్పుడు ఏ వార్నింగూ రాదు. క్యాట్ తీసేసి రైట్‌లైన్స్‌కి అదే వెక్టర్, ఫైలు పేరు ఇచ్చి మళ్లీ రాయండి.